రాని ముక్కకు అతుకు

మా ఆఫీసు కోడంబాక్కంలో ఒక పాత ఇంటి మేడ మీద ఉండేది. కింద ఇంటివాళ్ళు, పైన మేము నలుగురం. సార్ ఏదో ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం మానేసి వచ్చి ఆ మేడను అద్దెకు తీసుకున్నారు. తమిళాయన, మాట నెమ్మది. ఆయన దగ్గర చేరినవాళ్ళం ముగ్గురం: నేను, నాతో కాలేజీలో చదివిన ఒకమ్మాయి, సర్క్యూట్ బోర్డులు కట్టే ఒక పెద్దమనిషి. నాతో చదివినవాళ్ళందరూ పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పోతుంటే నేను ఆ మేడ మెట్లు ఎక్కడానికి కారణం ఇంటర్వ్యూలో సార్ అన్న ఒక్క మాట. "ఇప్పటిదాకా ఎవరూ తృప్తిగా చెయ్యలేకపోయిన పని ఇది" అన్నారు. ఆ వయసులో అంతకంటే ఏం కావాలి?

ఆ పని ఏమిటో చెబుతాను. ఇంటర్నెట్ మీద మాటను పంపాలంటే దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క రెప్ప వేసేంత సేపు కూడా ఉండదు. ప్రతి ముక్కనూ కుదించి, నంబరు వేసి, పంపిస్తారు. దాన్ని ప్యాకెట్ అంటాం. అవి తలా ఒక దారిన పోతాయి. కొన్ని ముందు చేరతాయి, కొన్ని వెనక. కొన్ని రానే రావు. అవతల ఉన్న పెట్టె వాటిని వరసలో పేర్చుకుని మళ్ళీ మాటగా విప్పాలి. ఆ విప్పేదాన్ని డీకోడర్ అంటాం. వినే మనిషి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉంటాడు. ఒక ముక్క సమయానికి రాకపోతే ఆ క్షణంలో అతనికి ఏం వినిపించాలి? నా పని అదొక్కటే.

అప్పటికి మన దేశంలో ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడటానికి అనుమతి లేదు. బయటి దేశపు కంపెనీ ఒకటి, సింగపూర్‌లోనూ మలేషియాలోనూ గల్ఫ్‌లోనూ చెల్లాచెదురుగా ఉన్న మనవాళ్ళు ఒకరితో ఒకరు చౌకగా మాట్లాడుకునే ఏర్పాటు చేస్తోంది. మా డీకోడర్ నచ్చితే తీసుకుంటామంది. సార్ ఆశంతా దానిమీదే.

మా ఇల్లు చింతాద్రిపేటలో. తరాలుగా ఆ వీధిలోనే ఉన్నాం. నాన్న చూలై అనే పేటలో ఒక వర్క్‌షాపులో మోటార్లకు కాయిల్ చుట్టేవాడు. ఒకరోజు అమ్మ అన్నం పెడుతూ అడిగింది.

"ఆడ నువ్వు చేసే పని ఏందిరా? పక్కింటామె అడిగితే చెప్పేదానికి తెలీలా."

ఫోన్లో మాట వచ్చేటప్పుడు మధ్యలో కొంచెం పోతుందమ్మా, అట్ల పోయినదాన్ని నేను పూడుస్తా అన్నాను.

"పోయింది ఏందో నీకెట్ల తెలుస్తుంది? వాళ్ళు చెప్పింది నువ్వు వినలేదు కదా."

"ముందరి మాటను పట్టుకొని, అందాజుగా."

"అందాజుగానా?" అమ్మ సాంబారు గిన్నె కింద పెట్టింది. "అయితే వాళ్ళు చెప్పనిది నువ్వు చెప్తావన్నమాట. సరి, తిను."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

మొదట మేం రాని ముక్క చోట ఖాళీ వదిలేశాం. చెవిలో ఎవరో గోటితో టక్కుటక్కున కొట్టినట్టు వినిపించింది. తర్వాత అంతకు ముందు వచ్చిన ముక్కనే మళ్ళీ వినిపించాం. వరసగా రెండు మూడు పోతే మనిషి గొంతు తుమ్మెద రొద అయిపోయేది. ఆఖరికి, గొంతులో ఒకే అల ఎంతకొకసారి తిరిగి వస్తోందో కొలిచి, ఆ అలను పొడిగించి, మెల్లమెల్లగా సన్నం చేసి, అప్పటికీ అసలు ముక్క రాకపోతే నిశ్శబ్దంలోకి జారవిడవడం మొదలుపెట్టాం. సార్ దాన్ని తమిళంలో "ఒట్టు" అనేవారు. మా ఇంట్లో ఒట్టంటే వేరే కాబట్టి నేను అతుకు అనుకునేవాణ్ణి.

ఇంకో చిక్కు ఉండేది. డీకోడర్ ప్రతి ముక్కనూ దాని ముందు ముక్క మీద ఆనించి కడుతుంది. ఒకటి పోతే, వెనక సరిగ్గా వచ్చినవి కూడా కొంతసేపు వంకర్లు పోతాయి. ఇక ఆలస్యంగా వచ్చేవాటి సంగతి మరీ అన్యాయం. ముక్క చెక్కుచెదరకుండా చేరుతుంది, కానీ దాని వంతు దాటిపోయి ఉంటుంది. పారెయ్యాల్సిందే. వాటికోసం కాస్త ఆగుదామంటే మాట మొత్తం ఆలస్యమై, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగిపోతారు. ఎంతసేపు ఆగాలన్న దానిమీద సార్‌కీ నాకూ వారాల తరబడి వాదన.

పరీక్షించడానికి మా దగ్గర ఉన్నవన్నీ ఇంగ్లీషు వాక్యాలు. "రేపు దీంట్లో మాట్లాడేది మనవాళ్ళు కదా, మన భాషలు కావాలి" అన్నారు సార్. తమిళం మాతో పనిచేసే అమ్మాయి చదివింది. తెలుగు నేను చదవబోతే సార్ కాసేపు విని, చాలు అన్నారు. కింద ఇంటామె చెప్పింది, రెండు వీధుల అవతల సినిమాలకు గొంతు ఇచ్చే తెలుగావిడ ఉందని.

ఆవిడ మరుసటి రోజే వచ్చారు. నలభై దాటి ఉంటాయి. నేత చీర, చేతిలో గొడుగు. చిన్నప్పుడు తెనాలి వైపు నుంచి అక్కతో పాటు వచ్చారట. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇల్లు చూసుకునేది, ఈవిడ గొంతు అమ్ముకునేవారు. ఆ మాట ఆవిడదే. ఎన్నో సినిమాల్లో హీరోయిన్ల స్నేహితురాళ్ళకి, వదినలకి, గుంపులో ఏడ్చేవాళ్ళకి మాట్లాడారు. తెలుగు సినిమా హైదరాబాదుకి తరలిపోయాక పిలుపులు తగ్గిపోయాయి. మేం కబురు చేసేనాటికి పూర్తిగా ఆగిపోయాయి.

మైకు ముందు కూర్చుని కాగితం చూసి, "ఇది ఎవరితో అంటున్నానండీ?" అని అడిగారు.

"ఎవరితోనూ కాదు మేడమ్. ఊరికే చదవండి."

"ఊరికే అంటే? కోపంగానా, బాధగానా?"

"ఏదీ వద్దు. మామూలుగా."

"మామూలుగా ఎవరు మాట్లాడతారు బాబూ" అన్నారు.

ఎదురుగా తెర మీద పెదవులు కదలకపోతే వాక్యం ఎక్కడ ఆపాలో ఆవిడకు తోచలేదు. చివరికి నేను గది కిటికీ అద్దం అవతల నిలబడి నోరు కదిపాను. ఆ పెదవులు చూస్తూ ఆవిడ చదివారు. మధ్యలో నవ్వు ఆపుకోలేక, "మీరు ఆడ, ఈడ అంటుంటే మొదట ఆడవాళ్ళ గురించి అనుకున్నాను" అన్నారు. ఆ మధ్యాహ్నం మా మేడ మీద అందరం నవ్వాం. అలాంటి పూటలు ఎక్కువ లేవు గనక గుర్తుంది.

ఆవిడ గొంతు మాకు కొత్త కష్టాలు చూపించింది. "పట్టు" అన్నప్పుడు ట్టకు ముందు గాలి బిగబట్టే చిన్న నిశ్శబ్దం ఉంటుంది. సరిగ్గా అక్కడ ముక్క పోతే మా అతుకు ముందరి 'ప'ను సాగదీసి ఆ నిశ్శబ్దాన్ని నింపేసేది. పట్టు కాస్తా పాటు అయ్యేది. దానిమీద చాలా నెలలు కూర్చున్నాను. పూర్తిగా పోలేదు గాని, తగ్గింది.

తగ్గిందో లేదో తేల్చుకోవడానికి వినేవాళ్ళు కావాలి. ఆవిడనే పిలిచాం. ఆవిడ గొంతులోని వాక్యాలే కొన్ని అసలువి, కొన్ని ముక్కలు పోగొట్టి అతుకులు వేసినవి, కలిపి వినిపిస్తాం. ఏది అసలో ఏది అతుకో ఆవిడ చెప్పాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎంతో శ్రద్ధగా విన్నారు. సార్ పక్కన నిలబడి ఉన్నారు. ఒక్కో వాక్యం అయ్యాక ఆవిడ "అసలు" అనో "అతుకు" అనో అంటుంటే నేను స్క్రీన్ మీద జవాబు చూసుకుంటున్నాను.

అతుకులున్న వాక్యాల్లో చాలావాటిని ఆవిడ అసలు అన్నారు. రెండు మూడు అసలు వాక్యాలను అతుకు అన్నారు. సార్ ముఖం వెలిగిపోయింది. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను అదే మొదటిసారి వినడం. "గొంతు సొంతదారుకే తెలియలేదు!" అని తమిళంలో అరిచారు.

ఆవిడ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్ని తప్పు చెప్పాను?"

"తప్పు కాదు మేడమ్, మా పని బాగుందన్నమాట" అన్నాను.

"అది నేను అనలేదు కదా మరి. ఆ చిన్న ముక్క. నేను అనకుండానే నా గొంతులో అంది. నేను విని, నాదే అన్నాను."

"అతి చిన్నది మేడమ్. అంతకంటే ఎక్కువసేపు అది నిలబడలేదు. సన్నగిల్లి ఆగిపోతుంది."

"ఇవాళ్టికి" అన్నారు. గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయారు. టీ తెప్పించాం, ఆవిడ కప్పు అలాగే ఉండిపోయింది.

మళ్ళీ వచ్చారు, రాక తప్పదు కాబట్టి. సరుకు అమ్ముడుపోతే మిగతా భాషలకూ మనుషులు కావాలి, వాళ్ళందరి చేతా చదివించే బాధ్యత మీదే అని సార్ చెప్పి ఉన్నారు. అబద్ధం చెప్పలేదాయన. నమ్మే చెప్పారు.

కొనే కంపెనీ నుంచి ఇద్దరు వచ్చిన రోజు ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్ళలో ఒకాయన విదేశీయుడు, ఒకాయన అక్కడ పనిచేసే తమిళుడు. తమ అసలు లైన్ మీద ఏ ముక్క ఎప్పుడు వచ్చిందో, ఏది రాలేదో ఆ వివరమంతా ఒక ఫ్లాపీలో తెచ్చారు. ఆ లైన్ ఎలా ప్రవర్తించిందో అచ్చం అలాగే మా యంత్రం ముక్కల్ని ఆపుతుంది, పోగొడుతుంది. ఆవిడ ఒక గదిలో మాట్లాడాలి, నేను ఇంకో గదిలో విని, విన్నది విన్నట్టు చెప్పాలి. ఆవిడ ఏం చెప్పాలో వాళ్ళే అప్పటికప్పుడు అడిగారు. దూరాన ఉన్న కూతురితో తల్లి మాట్లాడినట్టు మాట్లాడమన్నారు.

మేం అప్పటిదాకా పాచికలు వేసినట్టు ఇక్కడొకటి అక్కడొకటి పోగొట్టి పరీక్షించాం. అసలు లైన్లో అలా ఉండదని చదివాం, తెలుసు. కానీ ఇంతలా అని తెలియదు. కాసేపు అన్నీ సక్రమంగా వస్తాయి. ఆపైన ఒక్కసారిగా గుత్తిగా పోతాయి.

ఆవిడ గొంతు నా చెవిలో మొదట నిండుగా వచ్చింది. అన్నం తింటున్నావా, చిన్నాడు స్కూలుకు పోతున్నాడా. తర్వాత గొంతు తగ్గించి ఒక మాట అన్నారు. చివర కొంచెం సాగి, సన్నబడి, ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి వేరే మాటలో ఉన్నారు.

తమిళాయన నన్ను అడిగాడు, "ఏం చెప్పింది?"

"నాన్నకు జ్వరం తగ్గింది, అన్నారు."

గది తలుపు తీసుకుని ఆవిడే వచ్చారు. "లేదు బాబూ. తగ్గలేదు అన్నాను. నాన్నకు జ్వరం తగ్గలేదమ్మా అన్నాను."

లేదు అన్న ముక్కలన్నీ ఒక్క గుత్తిలో పోయాయి. "తగ్గ" దాకా వచ్చింది. దాని చివరి అచ్చును నా అతుకు నున్నగా సాగదీసి, వినసొంపుగా సన్నం చేసి, ముగించేసింది. మిగతాది నా మనసు పూర్తిచేసుకుంది. తమిళాయన విదేశీయుడికి వివరించాడు. విదేశీయుడు మర్యాదగా తలూపాడు.

సార్ ఆగే సమయం పెంచమన్నారు. పెంచాను. ఆలస్యంగా వచ్చే ముక్కలు చాలా దొరికాయి. ఇప్పుడు నేనూ ఆవిడా తల్లీకూతుళ్ళలా సంభాషించాలి. ఆవిడ అడిగింది నాకు చేరడం ఆలస్యం, నా జవాబు ఆవిడకు చేరడం ఆలస్యం. నేను వినలేదనుకుని ఆవిడ మళ్ళీ అడిగేవారు, అప్పటికి నా జవాబు వెళ్ళి ఆవిడ ప్రశ్న మీద పడేది. పెదవి కదలికకు అరక్షణం తేడా రాకుండా అన్నేళ్ళు మాట్లాడిన మనిషి, ఆ గదిలో నాలుగు వాక్యాలకు తడబడిపోయారు. ఆఖర్న, "ఏమ్మా, ఉన్నావా?" అని ఊరుకున్నారు. అది పరీక్షలోది కాదు.

వాళ్ళు కాఫీ తాగి, చాలా బాగా శ్రమపడ్డారని చెప్పి వెళ్ళారు. ఆవిడ పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నా వల్ల చెడిందా బాబూ?" అన్నారు. కాదన్నాను. నిజంగానే కాదు. ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు.

కొన్ని వారాలకు ఫ్యాక్స్ వచ్చింది. వేరేచోట తయారుగా ఉన్న డీకోడర్ తీసుకుంటున్నామని. దాంట్లోనూ గుత్తులు పోతే పోయేవే, అది మాకు తెలుసు. "రానిదాన్ని ఎవరూ తేలేరు" అన్నారు సార్. నాతో చదివిన అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. బోర్డులు కట్టే పెద్దమనిషి అల్లుడి దుకాణంలో కూర్చోవడానికి వెళ్ళిపోయాడు. నేనూ సార్ మిగిలాం. ఒక ముక్కతో పాటు దాని ముందు ముక్క నకలు కూడా పంపిస్తే ఎలా ఉంటుందని మొదలుపెట్టాను. ఒంటరిగా పోయినవి దొరికాయి. గుత్తిలో నకళ్ళు కూడా అసలువాటితో పాటే పోయాయి. ఆ పని వల్ల లాభం లేదని నాకు తెలుసు, సార్‌కి ఇంకా బాగా తెలుసు. అయినా ఆయన రోజూ పొద్దున తలుపు తీసేవారు, నేను రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి.

ఆవిడ మధ్యాహ్నాలు అప్పుడప్పుడు వచ్చేవారు. అప్పటికి అక్కా అని పిలవడం అలవాటైంది నాకు.

"ఏమన్నా ఉందా బాబూ?"

"లేదక్కా."

కాసేపు ఫ్యాను కింద కూర్చుని వెళ్ళేవారు. ఒకసారి చాలా రోజులు రాలేదు. వచ్చినప్పుడు హైదరాబాదు వెళ్ళొచ్చానని చెప్పారు.

"అందరూ గౌరవంగానే చూశారు. కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. ఒకబ్బాయి, మీ గొంతు మా చిన్నప్పుడు ఎంత వినేవాళ్ళమో అన్నాడు. చిన్నప్పుడు అన్నాక ఇంకేం అడుగుతాను? లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను."

"మళ్ళీ ఒకసారి వెళ్ళి చూడండి అక్కా."

"ఎందుకు?" అన్నారు. వాదనకు కాదు, నిజంగానే అడిగారు.

ఆ ఏడాది చివర్లో నేనూ మానేశాను. పాత ప్రోగ్రాములన్నీ రెండు వేల సంవత్సరం వస్తే తికమకపడతాయని, వాటిల్లో తేదీలు దిద్దడానికి కంపెనీలు మనుషుల్ని మందలుగా తీసుకుంటున్న రోజులవి. సార్ చెయ్యి కలిపారు. నేను వెళ్ళాక ఆ మేడ మీద ఆయన ఒక్కరే ఎంతకాలం ఉన్నారో తెలియదు. తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు. కొత్త ఆఫీసులో పొద్దుట్నుంచీ సాయంత్రందాకా ఎవరివో తేదీలు దిద్దేవాణ్ణి. మళ్ళీ మాట జోలికి పోలేదు.

అక్కాచెల్లెళ్ళు ఊరు వదిలి వెళ్ళే రోజున సామాను దించడానికి వెళ్ళాను. తెనాలి దగ్గర మేనమామ కొడుకు ఒక గది ఇస్తానన్నాడట. రెండు ట్రంకు పెట్టెలు, ఒక పరుపుచుట్ట, అంతే. మిగతావన్నీ ఎవరెవరికో ఇచ్చేశారు. ఆటో వాకిట్లో నిలబడి ఉంది. ఆవిడ అక్క, పెద్దావిడ, మాత్రం గుమ్మం దగ్గర ఇత్తడి బిందెలు రెండూ బయటికి తీసి వరసలో పెడుతోంది.

"అవి పక్కింటివాళ్ళవి అయిపోయాయి కదే" అన్నారు చెల్లెలు.

"ఇవాళ నీళ్ళ లారీ వచ్చే రోజు."

"మనకి కాదే ఇంక. మనం వెళ్ళిపోతున్నాం."

"లారీ వస్తుంది కదా" అంది పెద్దావిడ.

వీధి చివర హారన్ వినిపించింది. ఆడవాళ్ళందరూ బిందెలతో పరిగెత్తారు. పెద్దావిడ కూడా వెళ్ళి నిలబడింది. ఆటోవాడు తమిళంలో విసుక్కున్నాడు, బండికి టైమైపోతోందని. చెల్లెలు అతన్ని ఒక్క నిమిషం అని బతిమాలుకుని, వెళ్ళి అక్క పక్కన నిలబడ్డారు. బిందెలు నిండాక ఇద్దరూ చెరొకటి మోసుకొచ్చి, ఖాళీ వంటింట్లో నేల మీద పెట్టారు. మూతల కోసం పెద్దావిడ చుట్టూ చూసింది. మూతలు లేవు. అలాగే వదిలేసి, తలుపు దగ్గరికి వేసి, ఆటో ఎక్కారు.